అంకుడు కర్ర చక్రాల ఫైరింజను: 1914 నాటి బండికి 1:16 నమూనా మొదటి నుంచి చేయడం

ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఒక ఎర్రటి ఫైరింజను ఉంది. 1914లో ఇంగ్లండులో జాన్ మోరిస్ కంపెనీ తయారుచేసిన ఆ బండి మన హైదరాబాద్ నిజాం రైల్వే కోసం వచ్చింది. తెలుగు నేల మీద తిరిగిన బండి అన్న మాట ఒక్కటే నన్ను పట్టేసింది. విశాఖకు తిరిగొచ్చాక అలాంటి దాన్ని చిన్నగా నా చేతులతో చేయాలని కూర్చున్నాను. ఈ మార్గదర్శి ఆ పనిలోంచి వచ్చింది.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేది ఆ బండికి అచ్చమైన నకలు కాదు. అసలు బండి పక్కన టేపు పట్టుకుని నిలబడితే తప్ప నకలు తీయడం కుదరదు. 1910, 1920 మధ్య వచ్చిన కర్ర చక్రాల, గట్టి రబ్బరు టైర్ల ఫైరింజన్లలో సాధారణంగా కనిపించే రూపాన్ని తీసుకుందాం. కిట్లు, అచ్చు పోసిన భాగాలు ఏవీ వాడం. సెలవు రోజుల్లో మాత్రమే కూర్చుంటే నాలుగైదు నెలల పని.

ముందు నీళ్ల దారి తెలుసుకోండి

నా మొదటి నమూనాలో పంపును ఫోటోలో కనిపించినంత మేర చెక్కి, గొట్టాలను చూడ్డానికి బాగున్న చోట తగిలించాను. మా వీధిలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన తాతగారు ఒకరున్నారు. ఆయన బండిని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, "ఏటి బాబూ, నీళ్లు ఎటేపు నుంచి ఎటేపుకెల్తాయి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నీళ్లు పీల్చే సక్షన్ గొట్టాన్ని పంపు అంచుకీ, నీళ్లు బయటికి పంపే డెలివరీ గొట్టాన్ని నడిమధ్యకీ పెట్టాను. అంటే అంతా తలకిందులు. ఆ బండిని మళ్లీ విప్పాను.

అందుకే ఒక్క ముక్క కోయకముందే ఇది అర్థం కావాలి. ఆ కాలపు ఫైరింజను ప్రధానంగా నీళ్లు మోసే బండి కాదు, నీళ్లు తోడే బండి. చెరువులోకో కాలువలోకో సక్షన్ గొట్టం దించుతారు. ముందుగా గొట్టంలోని గాలిని తీసేస్తారు. అప్పుడు బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి నెడుతుంది. లెక్క ప్రకారం ఆ ఒత్తిడి నీటిని 10.3 మీటర్ల వరకు లేపగలదు, ఆచరణలో 7, 8 మీటర్లకు మించి రాదు. అదే ఒత్తిడి గొట్టాన్ని కూడా బయటి నుంచి నొక్కుతుంది కాబట్టి సక్షన్ గొట్టం లావుగా, గట్టిగా, గోడలో తీగచుట్టతో ఉంటుంది. దాన్ని మడవలేరు, అందుకే బండి పక్కన పొడుగ్గా పడుకోబెట్టి మోసుకెళ్తారు.

డెలివరీ గొట్టం సంగతి దీనికి పూర్తిగా వేరు. అందులో ఒత్తిడి లోపలి నుంచి వస్తుంది. నీళ్లు లేనప్పుడు కాన్వాసు గొట్టం నాడాలా చదునుగా పడుంటుంది, చుట్ట చుట్టి పెట్టెలో దాచుకోవచ్చు. నమూనాల్లో ఎక్కువమంది రెండు గొట్టాలనూ ఒకే నల్ల ట్యూబుతో చేసేస్తారు. ఫైర్ స్టేషనులో పనిచేసిన ఎవరికైనా అది చూడగానే తెలిసిపోతుంది.

ఇక పంపు. టర్బైన్ పంపులో నీళ్లు నడిమధ్య కంటిలోంచి లోపలికి వెళ్లి, తిరిగే రెక్కల విసురుకు అంచు వైపు వచ్చి, నత్తగుల్లలా పెరుగుతూ పోయే డొక్కులోంచి బయటపడతాయి. కాబట్టి సక్షన్ మధ్యలో, డెలివరీ అంచున. ఈ ఒక్క వాక్యాన్ని పనిబల్ల ముందు గోడ మీద రాసుకోండి.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు ప్రాణాలు కోల్పోయిన ఫైర్‌మన్ల జ్ఞాపకార్థం పెట్టినవి. ఆ వారంలో స్టేషన్ల వాళ్లు జనానికి పరికరాలు చూపిస్తారు. విశాఖలో సూర్యాబాగ్ ఫైర్ స్టేషనుకు వెళ్లినా, మీకు దగ్గరి స్టేషనుకు వెళ్లినా, సక్షన్ గొట్టాన్ని ఒకసారి చేత్తో ఎత్తి చూపించమని మర్యాదగా అడగండి. బరువు తెలిస్తే దాన్ని బండి మీద కట్టే పట్టీలు ఎంత మందంగా ఉండాలో మీకే తోస్తుంది. కవాటాలు, చేతిచక్రాలు, గొట్టాల వంపులు దగ్గరగా చూడాలంటే బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి కూడా మంచి చోటే. చిన్న జాగాలో గొట్టాన్ని ఎలా తిప్పుతారో అక్కడ నేర్చుకున్నాను.

స్కేలు: నూలు లెక్క

నేను 1:16, అంటే అసలులో పదహారో వంతు, ఎంచుకోవడానికి కారణం మన వడ్రంగుల కొలత. అంగుళానికి 8 నూళ్లు. 1:16లో అసలు బండి 2 అంగుళాలు నమూనాలో సరిగ్గా 1 నూలు, అసలు అడుగు 6 నూళ్లు. కాలిక్యులేటరు అక్కర్లేదు. పాత బండ్ల కొలతలన్నీ అడుగుల్లో, అంగుళాల్లోనే ఉంటాయి కాబట్టి ఈ లెక్క చేతికి వెంటనే అలవాటవుతుంది. 1:24 అయితే బల్ల మీద తక్కువ చోటు పడుతుంది గానీ, మొదటిసారి చేసేవారికి అందులో చక్రాల ఆకులు (స్పోకులు) మరీ సన్నమైపోతాయి.

నేను తీసుకున్న కొలతలు ఇవి:

మొత్తం పొడవు 21 అడుగులు: 126 నూళ్లు, అంటే 400 మి.మీ.
ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 13 అడుగులు: 78 నూళ్లు, 248 మి.మీ.
వెడల్పు ఆరున్నర అడుగులు: 39 నూళ్లు, 124 మి.మీ.
టైరుతో కలిపి చక్రం 36 అంగుళాలు: 18 నూళ్లు, 57 మి.మీ.
చాసిస్ (బండి అడుగు చట్రం) కమ్మీ లోతు 5 అంగుళాలు: రెండున్నర నూళ్లు, 8 మి.మీ.

మీకు నచ్చిన వేరే బండి ఫోటో ఉంటే కొలత ఇలా తీయండి. నేరుగా పక్క నుంచి, వీలైనంత దూరం నుంచి తీసిన ఫోటోయే పనికొస్తుంది. దగ్గర నుంచి తీసిన దాంట్లో చివర్లు కుంచించుకుపోతాయి. చక్రం అసలు వ్యాసం తెలిస్తే అదే మీ కొలబద్ద. ఉదాహరణకు ఫోటోలో చక్రం 40 మి.మీ., ఇరుసుల మధ్య దూరం 173 మి.మీ. ఉందనుకోండి. 173ను 40తో భాగించి 36తో గుణిస్తే దాదాపు 156 అంగుళాలు, అంటే 13 అడుగులు. ఇలా తీసిన ప్రతి కొలతనూ దగ్గరి అర అంగుళానికి సవరించండి.

అట్ట మనిషి

ఇది చిన్న పనే గానీ ఎన్నో తప్పుల నుంచి కాపాడుతుంది. 5 అడుగుల 8 అంగుళాల మనిషి మన స్కేల్లో 34 నూళ్లు, అంటే 108 మి.మీ. దళసరి అట్ట మీద పక్క నుంచి కనిపించే మనిషి బొమ్మ గీసి కత్తిరించండి. నడుము, మోకాలు, భుజం దగ్గర చిన్న మేకుతో కీలు పెట్టండి. మెట్టు ఎక్కగలడా, కూర్చుంటే కాళ్లు ఆనతాయా, గంట తాడు అందుతుందా, నిచ్చెనను దించగలడా అన్నవి ప్రతి దశలోనూ ఇతన్నే అడగాలి.

ఆ కాలపు బండిలో మనుషులు కూర్చునే తీరు వేరు. నడుమ పొడవాటి పెట్టె, అందులో గొట్టాలు. ఆ పెట్టె రెండు అంచుల మీద ఫైర్‌మన్లు బయటికి ముఖం పెట్టి, కాళ్లు పక్క పలకల మీద ఆనించి కూర్చునేవారు. ఈ అమరికను బ్రెయిడ్‌వుడ్ బాడీ అంటారు. ఎడిన్‌బరోలో, తర్వాత లండన్‌లో అగ్నిమాపక దళాన్ని నడిపి, 1861లో టూలీ స్ట్రీట్ మంటల్లో గోడ కూలి చనిపోయిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ పేరు అది. వేగంగా మలుపు తిరిగితే పట్టుకోవడానికి కమ్మీ తప్ప మరేమీ ఉండదు. ఆ ఇత్తడి కమ్మీలను అలంకారంగా కాక, ప్రాణం నిలబెట్టుకునే పట్టుగా చూసి ఎత్తు నిర్ణయించండి. అట్ట మనిషి కూర్చుని చెయ్యి చాపితే అందే ఎత్తే సరైన ఎత్తు.

సరుకు

3 మి.మీ. సన్‌బోర్డు, బోర్డులు రాసే దుకాణాల్లో మిగులు ముక్కలు అడిగితే ఇస్తారు. 8 × 4 మి.మీ. టేకు రీపులు, సా మిల్లులో చీల్పించండి. కూల్‌డ్రింకు డబ్బా రేకు. 0.8, 2 మి.మీ. రాగి, ఇత్తడి తీగలు. సైకిలు పుల్లలు. 3 మి.మీ. వెదురు పుల్లలు. కర్రకు ఫెవికాల్, కర్రకూ లోహానికీ మధ్య అరల్డైట్. గాజువాక ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే లోహపు సరుకు, రంగులు, లేతు పని అన్నీ ఒకే చోట కుదురుతాయి. పూర్ణా మార్కెట్ వైపు పూజ సామాన్ల దుకాణాల్లో గంట దొరుకుతుంది. దాని సంగతి తర్వాత.

చాసిస్

అసలు బండిలో చాసిస్ కమ్మీ 'సి' ఆకారంలో ఉండి, నోరు లోపలి వైపుకు తెరిచి ఉంటుంది. బయటి నుంచి చూస్తే చదునైన ముఖమే కనిపిస్తుంది. కాబట్టి గట్టి టేకు రీపు వాడినా తేడా తెలియదు. రెండు రీపులను ఒకదాని మీద ఒకటి కట్టి, బెజ్జాలన్నీ ఒకేసారి వేయండి. అప్పుడు ఇరుసులు వంకర పోవు. మధ్యలో అయిదు అడ్డ రీపులు. గాజు పలక మీద పెట్టి జిగురు వేయండి, నాలుగు మూలలూ గాజును తాకాలి. ఒక మూల లేచినా పూర్తయిన బండి కుంటుతుంది.

కమాను (స్ప్రింగు) పట్టీలకు విజిటింగ్ కార్డులను 3.5 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, రెండేసి అతికించి, ఒకదాని కంటే ఒకటి పొట్టిగా ఎనిమిది వరసలు పేర్చండి. ఫెవికాల్ తడి ఆరకముందే సీసా వంపు మీద కట్టి రాత్రంతా ఉంచితే ఆ వంపు అలాగే నిలుస్తుంది.

ఇరుసులకు నేను వాడింది వెల్డింగ్ రాడ్డు. పై పూత రాలగొడితే లోపల 3.15 మి.మీ. తీగ నిటారుగా దొరుకుతుంది. మొదటి బండికి ముందు చక్రాలు తిరిగే ఏర్పాటు వద్దు, ఇరుసును బిగించేయండి.

చక్రాలు

ఈ బండి అందమంతా చక్రాల్లోనే ఉంది, శ్రమ కూడా ఇక్కడే ఎక్కువ. ఎడ్లబండి చక్రం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు: మధ్యలో కుండ, దాంట్లోంచి ఆకులు, చుట్టూ అంచుగా పూటీలు. ఇనుప కమ్మికి బదులు రబ్బరు, అంతే తేడా.

వీటిని తరిణి (లేతు) పట్టించడానికి నేను ఏటికొప్పాక వెళ్లాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ వాడే అంకుడు కర్ర మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. ఉలి తగిలితే పొట్టు లేస్తుందే గానీ చీలిక రాదు. తిరుగుతున్న కర్ర మీద లక్క కడ్డీని నొక్కితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ పని చేసే అన్న పక్కన కూర్చుని చూస్తే, రంగు వేయడం అన్న మాటకే అర్థం మారిపోతుంది. మీ గీతను పూర్తి కొలతలతో తీసుకెళ్లండి. సరిగ్గా నాలుగే అడగకుండా ఆరు చక్రాలకు సరిపడా చేయించండి, రెండు పాడైనా ఫరవాలేదు.

కొలతలు: పూటీ బయటి వ్యాసం 48 మి.మీ., లోపలి వ్యాసం 40. వెడల్పు ముందు చక్రాలకు 7 మి.మీ., వెనక వాటికి జంట టైర్లు కాబట్టి 14. కుండ వ్యాసం 14 మి.మీ., మధ్యలో 3.2 మి.మీ. బెజ్జం. టైరు బయటి వ్యాసం 57.

ఇక్కడ వరుస తప్పితే కర్ర పగులుతుంది. తరిణి పట్టిన ఉంగరంలో కర్ర పోగు ఇరుసు దిశలో నిలువుగా ఉంటుంది. అలాంటి పలుచటి ఉంగరానికి పక్క నుంచి బెజ్జం వేస్తే ఇట్టే చీలుతుంది. అందుకని ముందు గట్టి బిళ్లగా 48 మి.మీ.కు తరిణి పట్టించి, అంచు చుట్టూ 12 బెజ్జాలు వేసి, ఆ తర్వాతే మధ్య భాగాన్ని తొలిపించాలి. 12 ఆకులే ఎందుకంటే గడియారం ముఖం ఉంది. కాగితం మీద గడియారం గీసి, బిళ్లను దాని మధ్యలో అతికిస్తే ప్రతి అంకె దగ్గర ఒక బెజ్జం. కుండకు కూడా అదే గడియారం, బెజ్జాలు మాత్రం 2.5 మి.మీ.

ఆకులకు 3 మి.మీ. వెదురు పుల్లను కుండ వైపు కాస్త సన్నబరచండి. పూటీ బయటి నుంచి ఒక్కొక్కటే దూర్చి కుండలో ఆనించండి. మొదట 12, 6 అంకెల దగ్గర, తర్వాత 3, 9 దగ్గర, ఆ పైన మిగతావి. ఈ నాలుగింటితోనే చక్రం మధ్యకు వస్తుంది. ఇరుసు మీద పెట్టి తిప్పి చూసి, ఊగకపోతేనే మిగిలినవి అతికించండి. ఆరాక బయటికి పొడుచుకొచ్చిన కొసలను నునుపు చేసేయండి.

టైరును వేరే ఉంగరంగా నల్ల లక్కతో చేయించాను. లోపలి వ్యాసం 48.5 మి.మీ. ఉండాలి. బిగుతుగా దూర్చాలని చూస్తే పైన చెప్పిన కారణం వల్లే పగులుతుంది, వదులుగా ఉంచి అరల్డైట్‌తో నింపండి. లక్క మెరుపు బొమ్మకు అందం, టైరుకు కాదు. 600 నంబరు ఎమిరీ కాగితంతో తడి చేసి రుద్దితే గట్టి రబ్బరులా మసకబారుతుంది. తర్వాత ఎప్పుడూ స్పిరిట్‌తో తుడవొద్దు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది.

బాడీ, బోనెట్

నడుమ పెట్టె వెడల్పు 3 అడుగులు, అంటే 18 నూళ్లు. రెండు పక్కలా పది నూళ్ల పాదపలకలు. పలక మీద నుంచి కూర్చునే అంచు ఎత్తు 9 నూళ్లు. సన్‌బోర్డుతో పెట్టె కట్టి అట్ట మనిషిని కూర్చోబెట్టండి. మోకాలు నిండుగా వంగాలి, పాదం ఆనాలి. పాదపలకలకు ఐస్‌క్రీం పుల్లలను 2 నూళ్ల వెడల్పుకు కోసి, మధ్యలో గోరంత సందు వదిలి పరవండి. వాటికి రంగు వద్దు, పల్చటి వార్నిషు చాలు. సీట్లకు పాత పర్సు లోపలి పల్చటి తోలు.

బోనెట్‌కు ముందు టేకుతో దిమ్మె చెక్కండి. దాని మీద డబ్బా రేకును చుడతాం. రేకు అంచు బ్లేడంత పదును, చేతికి తొడుగు ఉండాలి. అచ్చు రంగును 400 నంబరు కాగితంతో గీరేస్తేనే మన రంగు పట్టుకుంటుంది. గాలి సందుల కోసం ఉక్కు స్కేలు ఆనించి 6 మి.మీ. గాట్లు వరసగా పెట్టి, రేకును రబ్బరు ముక్క మీద బోర్లించి, అయిపోయిన బాల్‌పెన్ మొనతో గాటు పక్కన నెమ్మదిగా నొక్కండి. రేకు పెదవిలా లేస్తుంది. అంతా ఒకే ఒత్తిడిలో రావాలంటే నాలుగైదు రేకులు పాడవుతాయి, వెనకాడకండి. రేడియేటరుకు టీ వడగట్టే జాలి. స్టీరింగుకు 2 మి.మీ. రాగి తీగను 28 మి.మీ. గొట్టానికి చుట్టి అతికించండి, కుడి వైపు బిగించండి.

పంపు

పంపును బండి వెనక పెడదాం. 24 మి.మీ. బిళ్లను అంకుడు కర్రతో తరిణి పట్టించి, దాని అంచున నత్తగుల్ల పెరుగుదలను ఎపాక్సీ పుట్టీతో దిద్దండి. పుట్టీ పైనుంచి మొదలై చుట్టూ తిరుగుతూ లావెక్కి, తిరిగి పైకి వచ్చేసరికి డెలివరీ గొట్టంలో కలిసిపోవాలి. మధ్యలో 8 మి.మీ. ఇత్తడి గొట్టం ముక్క బయటికి చూస్తూ ఉండాలి, అదే సక్షన్ నోరు. పైన అడ్డగొట్టం, దానికి రెండు డెలివరీ నోళ్లు, ఒక్కొక్క నోటికి ఒక చేతిచక్రం. గడియారాలు బాగుచేసే అతన్ని అడిగితే పాత పళ్ల చక్రాలు ఇస్తాడు. 6 మి.మీ. వాటి పళ్లు అరగదీస్తే చేతిచక్రం తయారు. పక్కన గాలి తీసే చిన్న పంపును, రెండు ఒత్తిడి మీటర్లను మరిచిపోకండి. ఒకటి సక్షన్‌కు, ఒకటి డెలివరీకి. మీటర్ల ముఖాన్ని కాగితం మీద గీసి, పైన పారదర్శక నెయిల్ పాలిష్ చుక్క వేస్తే గాజులా కనిపిస్తుంది.

గొట్టాలు

సక్షన్ గొట్టానికి చేపల తొట్టెలో గాలికి వాడే 6 మి.మీ. ట్యూబు మీద మందపాటి నూలు దారాన్ని సమాన దూరంలో మరచుట్టలా చుట్టండి. పైన పల్చటి ఫెవికాల్, ఆరాక మసక నలుపు. లోపలి తీగచుట్ట బయటికి ఉబికినట్టు కనిపిస్తుంది. రెండు కొసలకూ ఇత్తడి కప్లింగు కట్లు. నీటిలో మునిగే జాలిని కూడా చేసి పెట్టండి, చెత్త పంపులోకి పోకుండా ఆపేది అదే.

డెలివరీ గొట్టానికి చదును నాడా. లెక్క చూడండి: రెండున్నర అంగుళాల గొట్టం చదునుగా పడుకుంటే వెడల్పు దాదాపు 4 అంగుళాలు, అంటే 2 నూళ్లు. 6 మి.మీ. నూలు నాడా సరిగ్గా సరిపోతుంది. కొత్త నాడా మరీ తెల్లగా ఉంటుంది, పాలు లేని టీ డికాషన్‌లో పది నిమిషాలు నానబెట్టి నీడలో ఆరనివ్వండి. చుట్టలు చుట్టి పెట్టెలో పేర్చాక పైనొకటి కొంచెం వదులుగా ఉండనివ్వండి, వాడే బండిలా ఉంటుంది.

నిచ్చెన, గంట, దీపాలు

నిచ్చెన పక్క కమ్మీలను కూడా చాసిస్‌లాగే రెండూ కలిపి కట్టి బెజ్జాలు వేయాలి. మెట్టుకూ మెట్టుకూ 6 నూళ్లు. మెట్లకు 2.5 మి.మీ. వెదురు. ఒకదానిలోంచి ఒకటి జారే రెండు నిచ్చెనలు చేస్తే బాగుంటుంది.

గంటకు పూజ సామాన్లలో దొరికే చిన్న ఇత్తడి గంట చాలు. నోరు 6 నూళ్లు, అంటే 19 మి.మీ. మించకూడదు. పిడిని కోసి, పైన కొక్కెం పెట్టి డ్రైవరు పక్కన వేలాడదీయండి. నిజంగా మోగుతుంది.

ఆ రోజుల్లో ముందు దీపాలు కార్బైడు దీపాలు. పాదపలక మీద చిన్న డబ్బాలో కార్బైడు మీద నీటి చుక్కలు పడి ఎసిటిలీన్ వాయువు పుట్టేది, సన్న గొట్టంలో దీపానికి వెళ్లేది. డబ్బానూ, 0.8 మి.మీ. రాగి తీగతో ఆ గొట్టాన్నీ తప్పక పెట్టండి. దీపానికి అద్దంగా పెద్ద క్యాప్సూళ్ల అట్ట మీద ఉబ్బిన పారదర్శక బుడగను కోసి వాడండి. దాన్ని తక్షణ జిగురుతో అతికించొద్దు, ఆవిరికి మసకబారుతుంది. అరల్డైట్ వాడండి.

రంగు, మన సముద్రపు గాలి

విశాఖలో రంగు పనికి శత్రువు తేమ. స్ప్రే రంగులోని థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద వాలి తెల్లటి పొరగా నిలిచిపోతుంది. జులైలో నేను వేసిన మొదటి ఎరుపు ఇలాగే పాలు పోసినట్టయింది. ఇప్పుడు నా నియమం ఒకటే: మేడ మీద ఆరేసిన చొక్కా రెండు గంటల్లో పొడిబారిన రోజే రంగు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పది దాటాక, సముద్రపు గాలి ఎక్కకముందు మంచి సమయం.

సన్‌బోర్డు కోసిన అంచులు స్పంజిలా రంగును తాగేస్తాయి. నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండుసార్లు పూసి, 320 నంబరుతో రుద్దండి. స్ప్రే థిన్నరు సన్‌బోర్డు ముఖాన్ని తినేసే అవకాశం ఉంది కాబట్టి ముందు వృథా ముక్క మీద వేసి చూడండి. నీళ్లలో కలిసే ప్రైమరుతో మొదలుపెట్టడం క్షేమం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 5లో ఫైర్ రెడ్ నంబరు 536. ఆటో రంగుల దుకాణంలో ఆ నంబరు చెబితే కలిపిస్తారు. కానీ చిన్న బండి మీద అదే ఎరుపు కాస్త ఘాటుగా, ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది. నేను చిటికెడు పసుపుపచ్చ ఓకర్ కలిపాను, ఎరుపు వెచ్చబడి పాత వార్నిషు కింద ఉన్నట్టు వచ్చింది. పల్చగా నాలుగు పూతలు, మధ్యలో ఒక రోజు విరామం, మూడో పూత తర్వాత 1000 నంబరుతో తడిరుద్దు.

బంగారు గీతలకు పాత రూలింగ్ పెన్ను వాడండి. గీత 0.6 మి.మీ. దాటకూడదు. ముందు గాజు మీద పది గీతలు గీసి చెయ్యి కుదిరాకే బండి మీదికి వెళ్లండి.

ఇత్తడి భాగాలను బిగించే ముందు చింతపండు గుజ్జుతో తోమి, వంటసోడా నీళ్లతో పులుపు విరిచి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. వేలిముద్ర పడకుండా గుడ్డతో పట్టుకుని పారదర్శక లాకరు ఒక పూత. అది లేకుండా వదిలేస్తే మన ఉప్పుగాలికి నెలలోపే నల్లబడుతుంది. బండికి గాజు పెట్టె చేయించి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేయండి.

కూర్పు వరుస

చాసిస్, ఇరుసులు, పంపు, పెట్టె, బోనెట్, ఆ తర్వాత చక్రాలు. కమ్మీలు, దీపాలు, గంట, నిచ్చెన చివర్లో. చక్రాలు ముందే పెడితే పనిచేస్తున్నంతసేపూ బండి దొర్లిపోతుంది, ఆకులు విరుగుతాయి. అన్నీ బిగించాక అట్ట మనిషిని పంపు వెనక నిలబెట్టండి. ఒక చెయ్యి డెలివరీ చక్రాన్ని పట్టుకుని, కళ్లు రెండు మీటర్లనూ చూడగలగాలి. నా రెండో బండిలో మీటర్లు రెండు నూళ్లు కిందికి దింపాల్సి వచ్చింది.

ఆ బండిని మళ్లీ తాతగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేలితో జాలి నుంచి మొదలుపెట్టి సక్షన్ గొట్టం, పంపు కన్ను, డొక్కు, కవాటం దాకా నెమ్మదిగా వచ్చారు. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. బండిని తిరిగి ఇస్తూ, "జాలికి తాడేదీ? గొట్టం బరువంతా కప్లింగు మీదే పడిపోతాది కదా" అన్నారు.

కాబట్టి చివరి పని ఇది. మూడు కుట్టుదారాల పోగులు కలిపి పేనండి, మైనం రాయండి. 20 అడుగుల తాడుకు 120 నూళ్లు, అంటే 15 అంగుళాలు. ఒక కొస జాలి పైన ఉన్న ఉంగరానికి ముడివేసి, మిగతాది చుట్టచుట్టి సక్షన్ గొట్టం పక్కనే కొక్కేనికి తగిలించండి.